ఆకుపచ్చ తలుపు

నెర్గుయ్ అంటే మా భాషలో పేరు లేనివాడని.
వాడికి ముందు పుట్టినవాళ్ళు ఇద్దరు పోయారట.
మృత్యువు పిలవడానికి వీల్లేకుండా
వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది.
మృత్యువు సంగతేమో గానీ
స్పానర్ అందుకోరా అని నేను పిలిచినా పలకడు.

మాకు చెరొక జిల్ లారీ ఉండేది.
నీలంది నాది, ఆకుపచ్చది వాడిది.
ఒకే చలికాలంలో రెండూ పడ్డాయి.
నా ఇంజను బ్లాకు పగిలింది,
నీళ్ళు దింపడం మరిచి పడుకున్నాను,
ఆ రాత్రి మైనస్ నలభై
(మా ఆవిడ ఇంకా అంటూనే ఉంటుంది).
వాడిదేమో ముందు ఇరుసు విరిగి
గోబీలో ఉప్పుగుంట పక్కన మోకరిల్లింది.

చోయిర్ దాటాక రష్యావాళ్ళ పాత విమానాల మైదానం.
పోతూ పోతూ వాళ్ళు వదిలేసిన ఇనుముకి
ఇప్పుడు ముసలి యంజ్మా యజమానురాలు.
గేటు లేదు, తాళం లేదు, ఒంటికన్ను కుక్క ఉంది.
డైనమోకి గొర్రె, రేడియేటరుకి మేక,
బోల్టులు మాత్రం ఊరికే.
"జేబుకి చిల్లు లేకపోతే నింపుకోండి."

మంచులో మోచేతుల దాకా దూర్చి తడిమేవాళ్ళం,
చూపులేనివాడు ముఖం తడిమి మనిషిని పోల్చినట్టు:
ఇది వాటర్ పంపు,
ఇది క్లచ్ ప్లేటు, అరిగింది, వదిలెయ్,
ఇది ఏమిటో...
సిపాయి అన్నం గిన్నె.
అడుగున మేకుతో గీకిన ఆడపిల్ల పేరు.
నెర్గుయ్ దాన్ని ఉన్నచోటే బోర్లించాడు.
"ఇది స్పేర్ పార్టు కాదు."

ఎంత ఏరినా రెండు బళ్ళకి చాలలేదు.
అది ఇద్దరికీ తెలుసు, పదిరోజులు ఎవరం అనలేదు.
బతికిన ఇంజను ఒకటే, బతికిన ఇరుసు ఒకటే.
తొడగాల్సిన ఒళ్ళు ఎవరిదో తేలాలి.
ఓ రాత్రి ఉప్పు టీ చల్లారుతుండగా
వాడే గొర్రె మడమ ఎముక తీశాడు.
"గుర్రం పడితే నీది, మేక పడితే నాది."
దొర్లి దొర్లి
గుర్రం.

మర్నాడు తన లారీని తనే విప్పాడు,
నన్ను ముట్టుకోనివ్వలేదు.
పొట్టేలుని కోసినప్పుడు ఒక్క ఎముకా విరగకుండా
కీళ్ళ దగ్గరే విడదీస్తామే, అలాగ.
ఒక్కో నట్టూ కిరోసిన్‌లో కడిగి
పాత కంబళి మీద వరస పెట్టాడు.
నేను దూరంగా కూర్చుని
బూటు తోలులోంచి గాస్కెట్ కత్తిరిస్తున్నాను,
కత్తిరించిందే మళ్ళీ కత్తిరిస్తున్నాను.
ఒక్కసారి మాత్రం సీట్లో ఎక్కి కూర్చుని
హారన్ మీద అరచెయ్యి ఆనించాడు.
బ్యాటరీ ఎప్పుడో తీసేశాం.

క్రేను లేదు. మూడు దూలాలు, గొలుసు,
వాళ్ళ బావమరిది ఒంటె.
ఒంటె నడిస్తే ఇంజను లేచింది,
ఒంటె తుమ్మితే మా ఇద్దరి ప్రాణాలూ లేచాయి.
అప్పుడు నవ్వాడు. పదకొండు రోజుల తర్వాత.

ఎండు పేడ రాజేసి ఇంజను కింద పెట్టి
నూనె కరిగేదాకా కాచుకున్నాం.
హ్యాండిల్ తిప్పి తిప్పి నా భుజం పట్టేసింది.
దగ్గింది, ఆగింది,
మళ్ళీ దగ్గి,
ఇక ఆగలేదు.
మా ఆవిడ చెక్క గరిటెతో చక్రాల మీద పాలు చల్లింది.

ఎడమది నా తలుపు. కుడివైపు తలుపు ఏనాడో ఊడింది,
తాడుతో కట్టుకు తిరిగేవాణ్ణి.
అక్కడ వాడి ఆకుపచ్చ తలుపు బిగించాడు.
నీలం రంగు వేద్దామా అన్నాను.
విననట్టే ఊరుకున్నాడు.
దాని గొళ్ళెం వాడొక్కడికే లొంగుతుంది:
కాస్త ఎత్తాలి, మోకాలితో ఒకటి తన్నాలి.

ఉన్ని వేసుకుని వెళుతుంటే చెక్‌పోస్టులో ఆపారు.
కొత్త కుర్రాడు, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.
"బండి ఎవరిది?"
"నెర్గుయ్" అన్నాను.
చలికి పెన్ను పలకక రెండుసార్లు విదిలించి
ఏదో రాసుకున్నాడు,
మనిషి పేరో, పేరు లేదనో.
పక్కన వాడు తలుపుని మోకాలితో తన్ని మూసి
"పోనీ, ఇంజను చల్లారుతుంది" అన్నాడు.